మంచు లెక్కలు: ఏ తుఫాను పెద్దది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మంచు తుఫానుల మీదే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక మాట. మాది పల్నాడులోని రెంటచింతల. నా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే వార్తల్లో మా ఊరి పేరు వినిపించేది, అంత ఎండ కాసేది. 1995 నవంబరులో పెళ్ళి చేసుకుని న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చాను. రెండు నెలలు తిరక్కుండానే 1996 తుఫాను వచ్చింది. అప్పటినుంచి పడిన ప్రతి మంచునూ కొలిచి నోటుబుక్కులో రాస్తున్నాను.

ప్రశ్న: మా బావగారు 1994లో న్యూజెర్సీ వచ్చారు, నేను 2012లో వచ్చాను. జనవరిలో నాలుగు అంగుళాలు పడితే చాలు, "96లో పడింది అసలు మంచు, మీరేం చూశారు" అంటారు. 2016లో సెంట్రల్ పార్కులో రికార్డు బద్దలైంది కదా అని నేనంటాను. సంక్రాంతి భోజనాల దగ్గర ఏటా ఇదే గొడవ. మీరు రెండూ చూశారు కాబట్టి మీరే తేల్చాలి.
— ఒక పాఠకుడు, మన్రో

జవాబు: న్యూయార్క్ నగరం లెక్క తీసుకుంటే మీరు గెలిచినట్టే. 2016 జనవరి 22, 23, 24 తేదీల్లో సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాలు పడింది. 1996లో అక్కడ పడింది 20.2 మాత్రమే. కానీ మీరిద్దరూ ఉండేది న్యూజెర్సీలో. ఇక్కడి లెక్కకి నెవార్క్ విమానాశ్రయాన్ని చూడాలి. 1996లో నెవార్క్‌లో 27.8 అంగుళాలు పడింది. 2016లో మొదట 28.1 అని ప్రకటించారు. ఆ రోజు మీరు బావగారికి ఫోన్ చేసి గెలిచానని చెప్పే ఉంటారు! తర్వాత వాతావరణ శాఖ నిపుణులు పరిశీలిస్తే నెవార్క్‌లో మంచును గంట గంటకూ కొలిచి, మంచు పడేందుకు పెట్టిన బోర్డు తుడిచి, అన్నీ కలిపి కూడారని తేలింది. అలా కొలవకూడదు, ఎందుకో తర్వాతి జవాబులో చెబుతాను. ఆ 28.1 చెల్లదన్నారు. అదే పరిశీలనలో సెంట్రల్ పార్కు అంకె కూడా మారింది. మొదట 26.8 అన్నారు, అంటే 2006 ఫిబ్రవరి రికార్డు 26.9కి ఒక్క పాయింటు తక్కువ. మూడు నెలల తర్వాత దాన్ని 27.5గా సరిదిద్దారు. కాబట్టి మీ వాదనలో సెంట్రల్ పార్కు గట్టిగా నిలబడుతుంది, నెవార్క్ నిలబడదు.

ఒక ఊరి లెక్క కాకుండా మొత్తం తుఫానును తూచాలంటే ఇంకో కొలత ఉంది. పాల్ కోసిన్, లూయిస్ ఉచ్చెల్లిని అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికా ఈశాన్య రాష్ట్రాల కోసం తయారుచేసిన స్కేలు అది. ఎంత మంచు పడింది, ఎంత మేర పడింది, ఆ మేరలో ఎంతమంది ఉన్నారు, ఈ మూడూ కలిపి ఒకటి నుంచి ఐదు దాకా తరగతి ఇస్తారు. 1996కి ఐదో తరగతి, 2016కి నాలుగు. ఆ జాబితాలో 1996 కంటే పైనున్నది 1993 మార్చి తుఫాను. అది దక్షిణాన అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో కూడా అడుగుకి పైగా మంచు పోసింది. ఈ తూకంలో బావగారిదే పైచేయి.

ఇక నేను చూసింది చెబుతాను. 1996 జనవరి 7, ఆదివారం. ఓక్ ట్రీ రోడ్డుకి దగ్గర్లో రెండో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. తెల్లవారి లేచేసరికే పడుతోంది. సన్నటి రవ్వలా, గాలికి అడ్డంగా పోతోంది. మధ్యాహ్నానికి ఎదురు అపార్టుమెంటు కనపడలేదు. సాయంత్రానికి పార్కింగులో కార్లు గుట్టలైపోయాయి, మా టొయోటా ఏదో మాకే తెలియలేదు. సోమవారం ఆగాక ఎంత పడిందో చూడాలనిపించింది. చీపురు కర్ర బాల్కనీ మూలన మంచులోకి నేల తగిలేదాకా గుచ్చి, పెన్నుతో గీత పెట్టుకుని, బ్లౌజులు కుట్టే టేపుతో కొలిచాను. 31 అంగుళాలు. ఆ వారంలోనే మా నాన్నగారికి ఉత్తరం రాశాను, "ఇక్కడ 31 అంగుళాల మంచు పడింది నాన్నా" అని.

నాన్నగారు రెవెన్యూ ఆఫీసులో గుమస్తా. రోజూ పొద్దున్నే ఆఫీసు ఆవరణలోని వానకొలత గొట్టం చూసి రిజిస్టరులో ఎక్కించడం ఆయన పని. జవాబులో కుశలం అడగకముందే ఒక ప్రశ్న రాశారు: "గోడకి ఎంత దూరంలో కొలిచావు?"

ఆ ఒక్క ప్రశ్నతో నా 31 అంగుళాలు పోయాయి. గాలికి మంచు ఎగిరి బాల్కనీ మూలన పోగుపడింది. నేను కొలిచింది ఆ పోగు. బావగారు కూడా "కిటికీ దాకా వచ్చింది" అని చెబుతుంటే అది అబద్ధం కాదు, ఆయన చూసిందే. కానీ అది గాలి చేసిన గుట్ట, పడిన మంచు కాదు. 2016లో మా పెరట్లో పద్ధతిగా కొలిస్తే 25.5 వచ్చింది. 1996కి నా దగ్గర అలాంటి అంకె లేదు. ఇన్నేళ్ళయినా అది నాకు వెలితిగానే ఉంది.

ఇంకొక తేడా చెప్పి ముగిస్తాను. 2016 తుఫాను శనివారం పడింది, ఆదివారం తెల్లారేసరికి ఎండ వచ్చింది, సోమవారానికి చాలామంది ఆఫీసులకి వెళ్ళారు. 1996లో ఆదివారం మొదలై సోమవారం దాకా పడింది, ఆ వారమంతా ఊరు నిలిచిపోయింది. పది రోజుల తర్వాత ఒక్కసారిగా వేడెక్కి పెద్ద వాన పడి, ఆ మంచంతా కరిగి పెన్సిల్వేనియా నదులు పొంగాయి. అలాగని 2016ను తక్కువ చెయ్యలేం. దక్షిణ జెర్సీ తీరాన సముద్రం ఊళ్ళలోకి వచ్చింది, కేప్ మే దగ్గర నీటిమట్టం 2012 నాటి శాండీ తుఫానును కూడా దాటింది. మనం ఎడిసన్లో, మన్రోలో కూర్చుని మంచు గురించే మాట్లాడుకుంటాం. వాళ్ళకి ఆ తుఫాను అంటే నీళ్ళే.

ప్రశ్న: నేను కూడా మీలా కొలవాలనుకుంటున్నాను. స్కేలు తీసుకెళ్ళి పెరట్లో గుచ్చితే సరిపోతుందా? మా అమ్మాయికి పదేళ్ళు, తనకీ ఆసక్తి ఉంది.
— ఒక పాఠకురాలు, ఇర్వింగ్, టెక్సాస్ (న్యూజెర్సీ నుంచి ఈమధ్యే మారినవారు)

జవాబు: అమ్మాయికి ఆసక్తి ఉందన్నారు, చాలా సంతోషం. గడ్డి మీద గుచ్చితే గడ్డి ఎత్తు కూడా కలిసిపోతుంది. రెండడుగుల చదరం ప్లైవుడ్ ముక్క తెచ్చి తెల్ల పెయింటు వెయ్యండి. తెలుపు ఎందుకంటే ముదురు రంగు వేడిని పీల్చుకుని కింది పొరను కరిగిస్తుంది. ఇంటికి, చెట్లకి, కంచెకి దూరంగా నేల మీద పెట్టండి. పక్కన ఒక జెండా కర్ర పాతండి, లేకపోతే అడుగు మంచు పడ్డాక బోర్డు ఎక్కడుందో దొరకదు. నాకు 2003 ఫిబ్రవరిలో దొరకలేదు, అరగంట వెతికాను.

మంచు ఆగగానే కొలవండి. ఆగాక రెండు గంటలు టీవీ చూసి వెళితే అణిగిపోయి అంగుళమో రెండో తగ్గి ఉంటుంది. అంగుళంలో పదోవంతు దాకా రాయండి. పొడుగ్గా పడుతుంటే ఆరు గంటలకొకసారి కొలిచి బోర్డు తుడవచ్చు, అంతకంటే తరచుగా తుడవకూడదు. మంచు తన బరువుకి తనే అణుగుతుంది. గంటకోసారి తుడిస్తే ఆ అణగడం జరగదు, మొత్తం ఎక్కువ చూపిస్తుంది. నెవార్క్‌లో జరిగింది అదే.

తర్వాత నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, మంచును కరిగించి నీళ్ళు కొలవడం. వానకొలత గొట్టంలో పడిన మంచులో కొలిచిన గోరువెచ్చటి నీళ్ళు పోస్తాను, కరిగాక మొత్తంలోంచి నేను పోసింది తీసేస్తాను. మామూలుగా పది అంగుళాల మంచు ఒక అంగుళం నీళ్ళవుతుంది. చలి బాగా ఉన్నప్పుడు పడే పొడి మంచైతే పదిహేను, ఇరవై అంగుళాలు కావాలి. తడి మంచైతే ఐదారు చాలు. ఈ తేడా నడుముకి బాగా తెలుస్తుంది. ఇరవై అంగుళాల మామూలు మంచు అంటే చదరపు మీటరుకి 50 కిలోలు. రెండు కార్లు పట్టే డ్రైవ్‌వే ఆరు మీటర్లు బై ఆరు మీటర్లు అనుకోండి, మొత్తం 1,800 కిలోలు. మన ఇండియన్ స్టోర్లో కొనే 20 పౌండ్ల బియ్యం సంచులు దాదాపు రెండు వందలు ఎత్తి పక్కన పడేసినట్టు. అందుకే ప్రతి ఏడూ రాస్తున్నాను, మళ్ళీ రాస్తున్నాను: ఇండియా నుంచి వచ్చిన నాన్నగారి చేతికో, మామగారి చేతికో పార ఇవ్వకండి. వాళ్ళు సరదాపడినా సరే. మంచు ఎత్తుతూ గుండె ఆగి పోయినవాళ్ళు ప్రతి పెద్ద తుఫానులోనూ ఉంటారు.

టెక్సాస్‌లో ఏడాదికి ఒకటో రెండో రోజులే బోర్డు తడుస్తుంది. అయినా వాన కొలవండి. కోకోరాజ్ అని వాలంటీర్ల సంస్థ ఉంది. 1997లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో వరద వచ్చాక, మరుసటి ఏడు అక్కడే మొదలైంది. ఎవరైనా చేరొచ్చు, మీ అంకెలు రోజూ నిజమైన లెక్కల్లోకి వెళతాయి. పదేళ్ళ పిల్లకి అంతకంటే మంచి అలవాటు నాకు తోచడం లేదు.

ప్రశ్న: మేము విశాఖలో ఉంటాం. హుద్‌హుద్ చూసినవాళ్ళం. అమ్మాయి పురిటికి జనవరిలో న్యూజెర్సీ వస్తున్నాం. అక్కడ మంచు తుఫాను కూడా మన వాయుగుండం లాంటిదేనా? బ్లిజార్డ్ అంటే పెద్ద మంచు అనేగా?
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: అమ్మాయికి సుఖప్రసవం కావాలని కోరుకుంటున్నానమ్మా. రెండూ అల్పపీడనాలే, రెండూ సముద్రం మీద బలపడేవే. కానీ తినే తిండి వేరు. బంగాళాఖాతంలో తుఫాను వెచ్చటి సముద్రపు వేడి మీద బతుకుతుంది, నేల మీదికి రాగానే నీరసిస్తుంది. ఇక్కడి నార్ఈస్టర్ చలిగాలికీ వెచ్చటి గాలికీ మధ్య ఉన్న తేడా మీద బతుకుతుంది. ఒక పక్క కెనడా నుంచి దిగిన గడ్డకట్టే గాలి, ఇంకో పక్క గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చటి సముద్ర ప్రవాహం. ఆ రెంటి సరిహద్దులో తీరం వెంబడే పైకి వస్తుంది. మా మీదికి గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి ఆ పేరు.

ఇక్కడ వాతావరణం పిచ్చి ఉన్నవాళ్ళు "40/70" అంటుంటారు. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 70 డిగ్రీల పశ్చిమ రేఖాంశం కలిసే చోటు, నాన్‌టకెట్ దీవికి దక్షిణాన సముద్రంలో. తుఫాను కేంద్రం ఆ దగ్గర్లో నడిస్తే మాకు మంచే. తీరానికి మరీ దగ్గరగా వస్తే వెచ్చగాలి లోపలికొచ్చి వాన అయిపోతుంది. దూరంగా పోతే ఏమీ పడదు.

బ్లిజార్డ్ అంటే పెద్ద మంచు కాదు. గంటకి 35 మైళ్ళు, అంటే 56 కిలోమీటర్ల గాలి, ఎదురుగా పావు మైలు కూడా కనపడనంత మంచు, ఈ రెండూ కనీసం మూడు గంటలు ఉంటేనే బ్లిజార్డ్. ఆరు అంగుళాలకే బ్లిజార్డ్ కావచ్చు, రెండడుగులు పడ్డా కాకపోవచ్చు. మన తుఫానులకి పెట్టినట్టు వీటికి ప్రభుత్వం పేర్లు పెట్టదు. జోనస్, జూనో లాంటివి ఒక టీవీ ఛానెల్ పెట్టుకున్న పేర్లు.

ఒక్క జాగ్రత్త. మంచులో కూరుకుపోయిన కారులో హీటర్ వేసుకుని కూర్చోకండి, చంటిబిడ్డతో అసలే వద్దు. వెనక పొగగొట్టం మూసుకుపోతే విషవాయువు లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు. ముందు గొట్టం చుట్టూ మంచు తీశాకే ఇంజను స్టార్ట్ చెయ్యాలి.

ప్రశ్న: మీ న్యూజెర్సీవాళ్ళు అడుగులు, అంగుళాలు అంటూ గొప్పలు చెప్పుకుంటారు. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో పడింది నాలుగైదు అంగుళాలే. మూడు రోజులు కరెంటు లేదు, పైపులు పగిలి సీలింగు ఊడిపడింది, ఇద్దరు పిల్లలతో కారులో పడుకున్నాం. దాన్ని ఏ స్కేలు మీద పెడతారు?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు జరిగింది ఏ అంగుళాల పట్టికలోనూ కనపడదు. ఆ ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే సున్నాకి 19 డిగ్రీల కింద. టెక్సాస్‌లో 45 లక్షల ఇళ్ళకి పైగా కరెంటు పోయింది, ప్రభుత్వ లెక్కల్లోనే 246 మంది చనిపోయారు. మంచు కొలిచేదాన్నయినా ఆ తుఫానును నేను 1996 కంటే పైనే పెడతాను.

మాకూ చిన్న అనుభవం ఉంది. 2011 అక్టోబరు 29, దీపావళి అయిన మూడో రోజు, శనివారం. ఆ సాయంత్రం తెలుగువాళ్ళ దీపావళి వేడుక ఉంది, నేను వంద గారెలకి పప్పు నానబోశాను. మా బోర్డు మీద పడింది నాలుగు అంగుళాలే. సెంట్రల్ పార్కులో 2.9. కానీ చెట్లకి ఆకులింకా రాలలేదు. తడి మంచు ఆకుల మీద నిలబడిపోయింది. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా వీధిలో కొమ్మలు విరుగుతున్న చప్పుడు, టపాకాయలు కాల్చినట్టు ఒకటి తర్వాత ఒకటి. ఈశాన్య రాష్ట్రాల్లో 30 లక్షలకి పైగా ఇళ్ళకి కరెంటు పోయింది. మాకు నాలుగు రోజుల తర్వాత వచ్చింది. పప్పు పులిసిపోయింది. నా నోటుబుక్కులో ఆ పేజీలో అంకె చిన్నదే, రాసింది మాత్రం మూడు పేజీలు.

ప్రశ్న: మా అబ్బాయికి బఫెలోలో ఎంఎస్ సీటు వచ్చింది. అక్కడ ఏడడుగుల మంచు పడుతుందని చుట్టాలు భయపెడుతున్నారు. పంపమంటారా?
— ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: నిరభ్యంతరంగా పంపండి. బఫెలో మంచు వేరే రకం, సరస్సు నుంచి వచ్చేది. ఈరీ సరస్సు పడమర నుంచి తూర్పుకి పొడుగ్గా ఉంటుంది. నవంబరులో నీళ్ళు ఇంకా వెచ్చగా ఉంటాయి. దాని మీదుగా చలిగాలి నిలువునా వస్తే తేమ తాగి సన్నటి పట్టీలా మంచు పోస్తుంది. ఆ పట్టీ వెడల్పు కొన్ని మైళ్ళే. 2014 నవంబరులో నగరానికి దక్షిణాన ఉన్న ఊళ్ళలో ఐదారడుగులు పడితే, నగరం ఉత్తర భాగంలో కొన్ని అంగుళాలే. 2022 నవంబరులో ఆర్చర్డ్ పార్కులో 80 అంగుళాలు. గాలి తరచుగా వీచే దిశను బట్టి దక్షిణం వైపు ఊళ్ళకే ఎక్కువ దెబ్బ. విశ్వవిద్యాలయం పెద్ద క్యాంపస్ ఉత్తరాన ఆమ్హర్స్ట్‌లో ఉంది.

అయితే భయపడాల్సింది ఒకటి ఉంది, అది చెప్పకుండా ఉండలేను. 2022 క్రిస్మస్‌కి వచ్చిన బ్లిజార్డ్. విమానాశ్రయంలో 51.9 అంగుళాలు. కానీ ప్రాణాలు తీసింది మంచు ఎత్తు కాదు, 37 గంటలపాటు ఆగకుండా వీచిన గాలి. బఫెలో ఉన్న ఈరీ కౌంటీలో 47 మంది పోయారు. కార్లలో చిక్కుకుపోయినవాళ్ళు, వైద్యం అందనివాళ్ళు, ఇంట్లో వేడి లేక పోయినవాళ్ళు. అబ్బాయికి మంచి కోటు, బూట్లు కొనివ్వండి. "బయటికి వెళ్ళొద్దు" అని హెచ్చరిక వచ్చిన రోజు పార్ట్‌టైం జాబ్ అని బయల్దేరకుండా మాట తీసుకోండి. వారానికి సరిపడా బియ్యం, పప్పు, మందులు గదిలో ఉంచుకోమనండి.

ప్రశ్న: 2015 జనవరిలో న్యూయార్క్‌లో రెండడుగులు పడుతుందని సబ్‌వేలు కూడా ఆపేశారు. పడింది పది అంగుళాలు. ఈ వాతావరణ శాఖవాళ్ళని ఎలా నమ్మడం?
— ఒక పాఠకుడు, జెర్సీ సిటీ

జవాబు: పడింది 9.8. మీకు కోపం వచ్చింది, నాకు ఆ రాత్రి దిగులేసింది, ఎందుకంటే నేనూ బోర్డు తుడిచి గంటగంటకీ కిటికీ తీసి చూస్తూ కూర్చున్నాను. కానీ ఆ తుఫాను ఎక్కడికీ పోలేదండీ. కాస్త తూర్పుకి జరిగింది, అంతే. లాంగ్ ఐలాండ్‌లోని ఐస్లిప్‌లో 24.9, బోస్టన్‌లో 24.6, వూస్టర్‌లో 34.5. వెయ్యి మైళ్ళ తుఫాను అంచు ఎక్కడ ఆగుతుందో యాభై మైళ్ళు తప్పితే మీ ఇంటి దగ్గర మొత్తం తప్పినట్టే. ఫిలడెల్ఫియా, న్యూజెర్సీలను చూసే వాతావరణ శాఖ ఆఫీసులో గారీ జట్కౌస్కీ అనే అధికారి ఆ రాత్రే బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. బోస్టన్‌కి ఆ చలికాలం అక్కడితో ఆగలేదు, మొత్తం 110.6 అంగుళాలతో 1995-96 రికార్డును దాటింది.

ప్రశ్న: లంబసింగిలో మంచు పడుతుందంటారు కదా, అది స్నోనేనా?
— ఒక విద్యార్థిని, నర్సీపట్నం

జవాబు: కాదమ్మా. అక్కడ పడేది పొగమంచు, బాగా చలి ఉన్న తెల్లవారుజామున గడ్డి మీద మంచుబిందువులు గడ్డకడతాయి. ఆకాశం నుంచి పడే స్నో వేరు. మన భాషలో అన్నిటికీ మంచు అనే ఒక్క మాటే. 1996లో మా అమ్మకి ఫోన్ చేసి "ఇక్కడ మంచు పడుతోందమ్మా" అంటే, "ఇక్కడా పడుతోందే, తలకి ఏదైనా కట్టుకో" అంది. ఆమె చెప్పింది రెంటచింతల పొలాల మీద తెల్లారుజామున కురిసే మంచు. ఆ మాట తర్వాత ఇద్దరం ఒకే చోట ఉన్నట్టు అనిపించింది.

ప్రశ్న: మీ నోటుబుక్కులో మొదటి పేజీలో ఏముంది?
— ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: నాన్నగారి ఉత్తరం వచ్చిన వారం తర్వాత మళ్ళీ పడింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "1996 ఫిబ్రవరి 16, శుక్రవారం. సాయంత్రం 6 గంటలకి ఆగింది. పార్కింగు వెనక ఖాళీ స్థలంలో, మూడు చోట్ల కొలిచాను. 9, 9, 10. గోడకి ఇరవై అడుగుల దూరం."